నాలుగుంబావుకి సలోమి పాట

ఒక పాటను మనిషి పాడిందా, యంత్రం పుట్టించిందా అని తేల్చడానికి ఈ ప్రయాణం చేశాను. పిలిచింది నా పాత విద్యార్థి మస్తాన్‌వలి. నేను గుంటూరులో భౌతికశాస్త్రం చెప్పిన రోజుల్లో అతను డిగ్రీ చదివాడు. ఇప్పుడు చిలకలూరిపేటలో మైకుసెట్లు అద్దెకిచ్చే దుకాణం నడుపుతున్నాడు. నేను రాజమహేంద్రవరంలో స్థిరపడి చాలా ఏళ్లయినా, ఏదైనా వింత వార్త ఫోనులోకి వస్తే అది నిజమో కాదో కనుక్కోవడానికి నాకే పంపుతుంటాడు.

"మేడం, మా పక్కూళ్లో సలోమి అని ఒకావిడ ఉంది. సొంతంగా పాటలు కట్టి పాడుద్ది. శనివారం హైస్కూలు పూర్వ విద్యార్థుల సభలో ఆవిడ ప్రోగ్రాం పెట్టారు. ఇప్పుడేమో ఆ పాట కంప్యూటర్‌తో చేయించిందని ఊరంతా ఒకటే గోల. సెక్రటరీ గారు తీసేస్తానంటున్నాడు. మీరొచ్చి ఏదో ఒకటి తేల్చండి" అన్నాడు.

సలోమి పెళ్ళిళ్లలో సినిమా పాటలు, క్రైస్తవ సభల్లో ఇతరుల కీర్తనలు పాడి బతికే గాయని. తన సొంత పాటలతోనే గంటసేపు సాగే కార్యక్రమం ఆమెకు దొరకడం ఇదే మొదటిసారి. ఈ కారణంతో అది రద్దయితే ఆ నింద ఖాయమైపోతుంది. యంత్రంతో పాడించే మనిషిని ఇక పెళ్ళికైనా ఎవరూ పిలవరు.

నిజం చెప్పాలంటే, బయలుదేరేనాటికి నేను ఆమె పక్షాన లేను. వలి పంపిన పాటను పదిసార్లు విన్నాను. మిరపకాయలు కోసే ఆడవాళ్ల పాట అది. పల్లవి ఇలా ఉంది:

*కన్ను తుడుచుకోకే చెల్లీ, చేతికింకా కారమున్నది.*
*ఏడవాలంటే సాయంత్రం, చేతులు కడిగి ఏడుద్దాం.*

మాట బాగుంది, గొంతు బాగుంది. కాని రెండు విషయాలు నాకు అనుమానం కలిగించాయి. గోడలున్న ఏ గదిలో పాడినా గొంతు వెనక ప్రతిధ్వని తాలూకు సన్నని తోక ఒకటి ఉంటుంది. ఈ పాటలో అది బొత్తిగా లేదు. రెండోది శ్రుతి. మన గాయకులు శ్రుతిని అంకెలతో చెబుతారు. హార్మోనియంలో తెల్లమెట్లు ఒకటి, రెండు, మూడు. నల్లమెట్లు ఒకటిన్నర, రెండున్నర. నాలుగుకూ నాలుగున్నరకూ నడుమ మెట్టు లేదు. సలోమి షడ్జం సరిగ్గా ఆ లేని మెట్టు మీద, సెకనుకు దాదాపు నూట ఎనభై కంపనాల దగ్గర నిలబడి ఉంది. గదీ లేదు, మెట్టూ లేదు. యంత్రమే అయి ఉంటుందని నా మనసు ముందుగానే మొగ్గింది. కొలవకుండా మొగ్గడం తప్పని తెలుసు కనుక టికెట్ కొన్నాను.

శుక్రవారం ఉదయం ఆరూ నలభైకి రైలెక్కాను. విజయవాడ ప్లాట్‌ఫారం మీద నాలుగు ఇడ్లీలు తిన్నాను. చట్నీ పలచన, ఇడ్లీ వేడి. నా ఎదుటి సీటులో గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తాగా చేసే ఒకాయన కూర్చున్నారు. నేను చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని పుస్తకంలో అంకెలు రాసుకోవడం చూసి, ఏం వింటున్నారని అడిగారు. వినిపించాను.

"ఇదా! మా యార్డులో హమాలీలందరి ఫోనుల్లో ఉందండీ. కంప్యూటర్ పాట ఇది" అన్నారు.

"ఎలా చెప్పగలరు?"

"ఎవరో చెప్పారండీ."

"వారికెవరు చెప్పారు?"

ఆయన నా పుస్తకంవైపు చూసి, "మీరు టీచరా అండీ?" అని అడిగి కిటికీవైపు తిరిగారు.

పదకొండుంబావుకు గుంటూరు చేరాను. ఆటోలో బ్రాడీపేట వెళ్లి, ఒకప్పుడు నేను అద్దెకున్న వీధిలోనే భోజనం చేశాను. ఆ ఇల్లు ఇప్పుడు కోచింగ్ సెంటర్. కింది మెస్సులో నూటపది రూపాయలకు పప్పు, దొండకాయ వేపుడు, గోంగూర, గడ్డపెరుగు. ఈ దారిన వచ్చేవారు పన్నెండున్నరలోపే తినాలి. ఆ తరవాత విద్యార్థుల వరస మెట్లదాకా వస్తుంది. ఒంటిగంట బస్సు పట్టుకుని రెండూ ఇరవైకి చిలకలూరిపేటలో దిగి, బస్టాండు ఎదుటి లాడ్జిలో గది తీసుకున్నాను. గది శుభ్రంగా ఉంది. గీజరు పనిచేస్తుందని గుమాస్తా అన్నాడు; తిప్పి చూశాను, పనిచేయలేదు, వేరే గది ఇచ్చాడు.

మూడింటికి వలి మోటారుసైకిలు మీద వచ్చాడు. పర్చూరు దారిలో పన్నెండు కిలోమీటర్లు వెళితే సలోమి ఊరు పెదకొల్లివారిపాలెం. ఫిబ్రవరి నెల కనుక రోడ్డుకు ఒకవైపు చివరి తీత పూర్తయిన పత్తిమోళ్లు, మరోవైపు కోతకు వచ్చిన మిరప చేలు. కల్లాల్లో కాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. ఊరి పొలిమేర చేరేలోపు నేను తొమ్మిదిసార్లు తుమ్మాను.

"అలవాటవుద్ది మేడం" అన్నాడు వలి, తానూ తుమ్ముతూ.

సలోమికి ముప్పై అయిదేళ్లుంటాయి. పొడుగు మనిషి, మాటలో తొందర. నేను వెళ్లేసరికి ఆమె వాకిట్లో కూర్చుని, ఉల్లిపాయల ఆటోకు ప్రకటన రికార్డు చేసి పంపుతోంది. పాటలు లేని రోజుల్లో అదీ ఒక జీవనాధారం. ఆ చుట్టుపక్కల తిరిగే ఉల్లిపాయల ఆటోలు, చేపల ఆటోలు, పాత ఇనుము కొనే బళ్లు చాలావరకు ఆమె గొంతుతోనే అరుస్తాయట.

"మీరేనా మేడం గారూ, నన్ను పరీక్ష చేయడానికొచ్చింది?"

"మిమ్మల్ని కాదు, పాటను."

"రెండూ ఒకటేగదండీ" అంది నవ్వకుండా.

ఆమె సామగ్రి చూశాను. ఎవరో వాడి అమ్మేసిన మైకు ఒకటి. దానికి స్టాండు మందు కొట్టే పంపు గొట్టం. గాలి తగలకుండా మైకు ముందు కుట్టుపని ఫ్రేముకు బిగించిన నైలాను సాక్సు. ఒక ఫోను. వాళ్ల నాన్న వదిలివెళ్లిన హార్మోనియం. ఆయన చర్చిలో వాయిస్తూ, తీరికవేళ హార్మోనియాలు బాగుచేసేవారట.

"ముందు మీ షడ్జం వాయించండి" అన్నాను. ఆమె నాలుగో మెట్టు నొక్కింది. శ్రుతి కొలిచే నా ట్యూనరు నూట ఎనభై చూపించింది. నాలుగో మెట్టు అంత పైన పలకకూడదు. అన్ని మెట్లూ వరసగా కొలిచాను. అన్నీ ఉండవలసినదానికి పావు మెట్టు ఎక్కువగానే ఉన్నాయి. వాటిలో వాటికి మాత్రం శ్రుతి చక్కగా కలిసింది.

"నాన్న ఒక రీడు, అదే లోపల పలికే రేకు, కొన ఎక్కువ గీకాడండీ. కొన గీకితే శ్రుతి పెరుగుద్ది. మొదట్లో గీకితే మళ్లీ తగ్గుద్దని ఆయనకి తెలీదు. అందుకని తప్పు చేసిన రీడుని వదిలేసి, మిగతా అన్నిటినీ గీకి దాని దగ్గరికి తెచ్చాడు" అంది.

నేను పుస్తకంలో రాసుకుంటుంటే ఆమె కొనసాగించింది. "చిన్నప్పటినుంచి దాని మీదే పాడా. నా గొంతు అక్కడే కూర్చుంది. శ్రుతెంతని అడిగితే నాలుగుంబావని చెబుతా. కీబోర్డోళ్లు నవ్వుతారు. అందుకే నాతో ఎవరూ వాయించరు."

ఒక అనుమానం తీరింది, రెండోది మిగిలింది. "ఎక్కడ పాడి రికార్డు చేశారు?" అని అడిగాను.

ఆమె వెనకింటి తాళం తీసింది. ధర వచ్చేదాకా అమ్మకుండా ఒక రైతు పత్తి నిలవ చేసిన గది. నేల నుంచి నడుమెత్తుదాకా, మూడు గోడల వెంట పైకప్పుదాకా పత్తి పరుచుకుని ఉంది. మధ్యలో ఒక మనిషి, ఒక హార్మోనియం పట్టేంత జాగా. లోపలికి వెళ్లి చప్పట్లు కొట్టాను. శబ్దం చేతుల దగ్గరే ఆగిపోయింది. తిరిగి రాలేదు. ఎంతో ఖర్చు పెట్టి కట్టే రికార్డింగు గదుల్లో కూడా అంత నిశ్శబ్దం నేను వినలేదు. ప్రతిధ్వని లేకపోవడానికి కారణం గది లేకపోవడం కాదు, గది నిండా పత్తి ఉండడం.

అయినా ఇంతటితో సరిపుచ్చలేదు. యంత్రం చేసిన పాట శ్రుతిని పావు మెట్టు జరపడం కష్టం కాదు. ఆమె పాటల నోటుపుస్తకం చూపించింది. ఒక్క చరణానికి ఏడు కొట్టివేతలు. నోటుపుస్తకం తరవాతైనా రాయవచ్చునని నేను అంటే వలి తల పట్టుకున్నాడు. చివరికి అదే గదిలో, అదే హార్మోనియంతో పాటంతా పాడమన్నాను. పాడింది. తిత్తి వేసే చేయి అలిసినచోట గాలి బుస వినిపించింది. ఆరో మెట్టు రీడు ప్రతిసారీ కాస్త ఆలస్యంగా మేలుకుంది. నేను అప్పుడు రికార్డు చేసుకున్నదాని పక్కన పాత రికార్డింగును పెట్టి మెల్లగా తిప్పాను. అక్కడా ఆరో మెట్టు ఆలస్యంగానే మేలుకుంటోంది, పద్నాలుగు చోట్ల పద్నాలుగూ. నాకు ఇక చెప్పడానికి అభ్యంతరం మిగలలేదు.

"ఈ పాట మీరే పాడారు" అన్నాను.

"నాకు తెలుసండీ" అంది సలోమి. ఆమె మొదటిసారి నవ్వింది.

అయిదున్నరకు సభ కమిటీ సెక్రటరీ కోటేశ్వరరావు గారింటికి ముగ్గురం వెళ్లాం. వరండాలో కరపత్రాల కట్టలున్నాయి. నేను చెప్పినదంతా ఓపికగా విని, "మీరంతగా చెబుతున్నారు కాబట్టి ప్రోగ్రాం ఉంచుతా. కానీ ఆ టైముకి ఎవరొస్తారమ్మా?" అన్నారు.

కరపత్రం చూశాం. *సా. 4.15: సలోమి గారి స్వీయ గీతాలు.* ఆరు గంటలకు పిల్లల నృత్యాలు, ఏడింటికి సన్మానాలు.

సలోమి కరపత్రం దగ్గరికి లాక్కుంది. "నాలుగుంబావుకి ఎవరు పెట్టమన్నారండీ?"

"నువ్వే గదమ్మా! ఫోన్ చేసి, ఎంతకి పెట్టమంటావని అడిగా. నాలుగుంబావుకి పెట్టండి అన్నావు. అంత కచ్చితంగా చెబితే, మీ పాస్టరు గారేమన్నా టైం చూసి చెప్పారేమో అనుకున్నా."

"అయ్యో! శ్రుతి ఎంతకి పెట్టమంటావని అడిగారనుకున్నానండీ బాబూ!"

వలికి నవ్వు ఆగలేదు. సలోమి అతనివైపు చూసిన చూపుతో ఆగింది. టైం మార్చమని అడిగితే కోటేశ్వరరావు గారు రెండు చేతులూ ఎత్తేశారు. సన్మానం పొందేవారే పదిహేడు మంది. ఒక్కరిని జరిపినా ఊళ్లో ఉండనివ్వరు. నాలుగుంబావుకు హైస్కూలు మైదానంలో కుర్చీలు వేసేవాళ్లు తప్ప ఎవరూ ఉండరని మా అందరికీ తెలుసు. పాట ఎవరి గురించో వాళ్లు అయిదింటిదాకా చేలల్లోనే ఉంటారు.

"పాడతానండీ. తీసెయ్యకండి, చాలు" అంది సలోమి.

బయటికి వచ్చాక ఆమె కూలీల మేస్త్రి మరియమ్మకు ఫోన్ చేసింది. అవతలి గొంతుకు స్పీకరు అవసరమే లేకపోయింది.

"పిన్నీ, రేపు నాలుగుంబావుకి నా ప్రోగ్రాం."

"ఏందే, నాలుగుంబావుకా? ఎవరే పెట్టింది, బుద్ధుండే పెట్టారా?"

"నేనే పెట్టించా పిన్నీ, తెలీక."

"నీ మొహం! అయిదింటిదాకా కోతే గదే మాకు."

"తెలుసు పిన్నీ. చెబుదామని చేశా."

ఫోను పెట్టేశారు. సలోమి ఇంటిదారి పట్టింది.

శనివారం పదకొండింటికి మైదానానికి వెళ్లాను. వలి స్పీకర్లు కడుతున్నాడు. రాత్రి కార్యక్రమానికి వచ్చిన కీబోర్డు కళాకారుడు బాబూరావు ఆమె శ్రుతి విని చేతులు ఊపాడు.

"నాలుగుంబావేందమ్మా? మెట్టుకీ మెట్టుకీ మధ్య ఏముంటుంది? గాలి."

"గాలే గదన్నా పాడేది" అంది సలోమి.

కీబోర్డు మొత్తం శ్రుతిని కొద్దికొద్దిగా జరిపే సదుపాయం దాదాపు అన్ని కీబోర్డుల్లోనూ ఉంటుంది. బాబూరావు అనుమతి తీసుకుని మెనూలో వెతికాను. ఏడు నిమిషాలు పట్టింది. యాభై సెంట్లు, అంటే పావు మెట్టు, పెంచి నాలుగో మెట్టు నొక్కమన్నాను. హార్మోనియమూ కీబోర్డూ కలిసి పలికాయి. బాబూరావు వేలు తీయలేదు. "పదహారేళ్లబట్టి వాయిస్తున్నా. ఇది ఉందని ఎవడూ చెప్పలేదేందిరా వలీ" అన్నాడు. ఆమె పాటలకు తానే వాయిస్తానని ముందుకొచ్చాడు.

నాలుగింటికి వేదిక ఎదుట అయిదు వందల ఖాళీ కుర్చీలు, ఆరుగురు మనుషులం ఉన్నాం. ఎండ ఇంకా తగ్గలేదు. సలోమి హార్మోనియం ముందు కూర్చుని, కుర్చీలవైపు చూడకుండా తిత్తి కదిలిస్తోంది. నాలుగూ అయిదుకు రోడ్డు మీద ఆటో చప్పుడు వినిపించింది. తరవాత ఇంకొకటి. మలుపు తిరిగి స్కూలు గేటులోకి ఒకటి వెనక ఒకటిగా ఆటోలు వచ్చాయి. పదిహేడు ఆటోలు, రెండు ట్రాక్టర్లు. ప్రతిదాని నిండా తలకు గుడ్డలు చుట్టుకుని, చీరల మీద మగవాళ్ల చొక్కాలు తొడుక్కున్న ఆడవాళ్లు. ముందు ఆటోలోంచి దిగిన మనిషి గొంతును బట్టి మరియమ్మను గుర్తుపట్టాను.

"ఏడింటికి దిగాల్సినోళ్లం ఆరింటికే దిగాం! మంచుకి కాయ తడిగా ఉందని రైతు గొణిగాడు. గంట ముందు దిగాం, గంట ముందు లేస్తాం, గొణుక్కోవయ్యా అన్నా. పాడవేమే, చూస్తావేంది?"

కోటేశ్వరరావు గారు కంగారుగా ఎదురొచ్చి, "కుర్చీల్లో కూర్చోండమ్మా, కుర్చీల్లో" అన్నారు.

"వద్దులే బాబాయ్. మా బట్టలకున్న కారం అంటుకుద్ది. సాయంత్రం మీ సన్మానాలోళ్లు కూర్చోలేక లేస్తారు" అంది ఒకామె. మైదానమంతా నవ్వింది. వాళ్లు కుర్చీల ముందు నేల మీద కూర్చున్నారు. స్థలం చాలక కుర్చీలు వెనక్కి జరపవలసి వచ్చింది. వాళ్ల బట్టల్లోంచి లేచిన ఘాటుకు వేదిక మీదివాళ్లంతా తుమ్మారు. అయిదు వందల మంది వచ్చారని వలి నా చెవిలో అన్నాడు. వరసలు లెక్కపెట్టాను. రెండు వందల నలభై, ఓ పది అటూ ఇటూ.

సరిగ్గా నాలుగుంబావుకు సలోమి పాట ఎత్తుకుంది. ఆ గంటలో పదకొండు పాటలు పాడింది. మొగుడి చేత రీచార్జి చేయించుకునే పెళ్ళాం మీద ఒకటి, పత్తి తూకంలో తేమ పేరుతో కోసే కోత మీద ఒకటి, వాడరేవు వెళ్లి సముద్రం చూడాలని పదేళ్లుగా అనుకునే ఇద్దరు తోటికోడళ్ల మీద ఒకటి. ఒక్కటీ సినిమా పాట కాదు. ఒక్కదానికీ ఎవరూ లేవలేదు. మిరప పాట చివరికి దాచుకుంది. ఆమె "కన్ను తుడుచుకోకే చెల్లీ" అనగానే, తక్కిన సగం ఆమె నోటికి రాకముందే నేల మీదినుంచి వచ్చింది. రెండు వందల నలభై గొంతులు, ఏ వాయిద్యం ముందూ ఎన్నడూ కూర్చోని గొంతులు, లేని మెట్టు మీద వచ్చి నిలబడ్డాయి. నేను ఫోను పైకెత్తి రికార్డు చేశాను. సలోమి హార్మోనియం ఆపేసి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వింది. ఆ పాటను మూడుసార్లు పాడించారు.

అయిదూ ఇరవైకి వాళ్లు వంటలున్నాయంటూ లేచారు. మరియమ్మ వేదిక దగ్గరికి వచ్చి, "వచ్చే శనివారం మా చెల్లెలి ఊళ్లో పెట్టిస్తన్నా. నీ పాటలే పాడు. సినిమాయి పాడావంటే లేచిపోతా" అని చెప్పి ఆటో ఎక్కింది. కోటేశ్వరరావు గారు సన్మానాల నడుమ ఓ పావుగంట మళ్లీ పాడమని బతిమాలారు.

"గొంతు దాచుకోవాలండీ. రేపు పొద్దున్నే చేపల ఆటోలోళ్ల రికార్డింగుంది" అంది సలోమి.

ఆదివారం ఉదయం ఏడింటి బస్సులో చీరాల వెళ్లాను. రైలుకు సమయం ఉండడంతో ఆటోలో వాడరేవు చూసి వచ్చాను. పడవలు ఒడ్డుకు లాగి ఉన్నాయి, ఎండుచేపల వాసన, సెలవురోజు జనం. ఈ దారిన వచ్చేవారు పదిలోపు వెళ్లడం మంచిది. ఆ తరవాత ఇసుక కాలుతుంది. పదకొండూ యాభైకి చీరాలలో రైలెక్కాను. కమిటీకి ఇవ్వవలసిన నివేదికను తెనాలి దాటేలోపు ముగించాను: హార్మోనియం కొలతలు, పత్తిగది, ఆరో మెట్టు, నిర్ధారణ. మూడు రోజుల్లో నేను చూసినది ఒక్క వాక్యంలో చెప్పాలంటే, ఒక మనిషి తనకు తెలియకుండా అడిగిన వేళకే, తనకు కావలసిన జనం తమ పని గడియారాన్ని జరుపుకుని వచ్చారు.

బృందగానం శ్రుతిని కూడా నివేదికలో చేర్చాలని, కృష్ణ వంతెన మీద రైలు నెమ్మదించినప్పుడు రికార్డింగు తెరిచాను. జనం గొంతులు నూట ఎనభైకి అటూ ఇటూ చక్కగానే ఉన్నాయి. కాని మైకుకు బాగా దగ్గరగా, అందరికంటే గట్టిగా, ఒక గొంతు నాలుగుకూ నాలుగున్నరకూ దేనికీ చెందకుండా తిరుగుతూ, పక్కవాళ్ల కొలతనంతా పాడుచేస్తోంది. ఎవరిదా అని రెండుసార్లు విన్నాను. ఆ అంకెలు కొట్టేసి, దోషాలు రాసే గడిలో ఇలా రాశాను: *ఈ కొలత చెల్లదు. ఫోను పట్టుకున్న మనిషి కూడా పాడింది.*